పరాకు

పటాన్‌చెరులో షిఫ్ట్ బస్సు దిగుతూ అడుగు తడబడితే, వెనకున్న పెద్దాయన నా రెక్క పట్టి ఆపాడు. "సోయి యాడున్నది బిడ్డా? మెట్టు చూసి దిగు."

సోయి అంటే మన దగ్గర స్పృహ, ధ్యాస. అది తప్పిన స్థితికి పాత మాట పరాకు. సంస్కృతంలో 'పరాక్' అంటే అవతలికి తిరిగినది. పరాఙ్ముఖుడిలో ఉన్నదీ ఆ ముక్కే. మనిషి ఇక్కడ, ముఖం ఇంకెటో.

అయితే రాజు సభకు వస్తుంటే వందిమాగధులు కేకవేసే 'బహుపరాక్'లో ఇదే మాటకు జాగ్రత్త అని అర్థం. నిఘంటువులు రెండర్థాలూ ఇస్తాయి, ఏమరుపాటు, హెచ్చరిక. పరాకు పడే మనిషిని ఆ మాటతోనే పిలిచి ఇటు తిప్పేవారేమో అని నాకనిపిస్తుంది. హెచ్చరికకు చుట్టమైన కన్నడ 'ఎచ్చర'కు మెలకువ అని అర్థం.

పాశమైలారం, బొల్లారం ఫ్యాక్టరీల్లో ప్రెస్సు మెషిన్ ముందు పరాకు పడితే వేళ్లు పోతాయి. ఎనిమిది గంటలు అంత మెలకువగా ఉన్నవాళ్లం గేటు దాటగానే చాయ్ చేతిలో, కళ్లు ఫోన్లో పెడతాం. ఇంట్లో జొన్నరొట్టె రుచి అడిగితే చెప్పలేం. ఈ పరాకే నన్ను ఎక్కువ బాధపెడుతుంది.

మొన్న నైట్ షిఫ్ట్ దిగాక ఫోను జేబులో వేసి చాయ్ అందుకున్నాను. గ్లాసు వేలికి చురుక్కుమంది. అల్లం ఘాటు గొంతు దిగేదాకా తెలిసింది.