టైఫాయిడ్ మలుపు: ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గానప్రస్థానారంభం

వ్యాధియే కళాకారుని తీర్చిదిద్దుతుందన్న అభిప్రాయం ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం (1946–2020) జీవితానికి పూర్తిగా అన్వయించదు. నెల్లూరిలో తండ్రి సాంబమూర్తి హరికథాగానం వింటూ పెరిగిన ఆయనకు సంగీతాభిరుచి బాల్యంలోనే అబ్బింది. అయినా ఆయన ఎంచుకున్న మార్గం ఇంజనీరింగు. అనంతపురం కళాశాలలో చేరిన కొంతకాలానికే టైఫాయిడ్ సోకడంతో ఆ చదువు ఆగిపోయింది.

అనంతరం ఏ.ఎం.ఐ.ఇ. చదువు నిమిత్తం ఆయన మద్రాసు చేరారు. నాడు తెలుగు చలనచిత్ర సంగీతానికి ఆ నగరమే కేంద్రం. 1964లో అక్కడ ఒక తెలుగు సాంస్కృతిక సంస్థ నిర్వహించిన ఔత్సాహిక గాయకుల పోటీలో ప్రథమ బహుమతి పొందారు. ఆయన ప్రతిభను గుర్తించిన ఎస్.పి. కోదండపాణి, 1966 డిసెంబరు 15న ‘శ్రీశ్రీశ్రీ మర్యాదరామన్న’ చిత్రానికి తొలిసారి పాడించారు.

ప్రతిభకు మూలం తండ్రి ఇంట ఉన్నది. దానికి అవకాశం గల చోటికి దారి మళ్ళించినది జ్వరం.