పెద్ద సంస్థలకు సరుకు అమ్మడం: నెలల తరబడి సాగే వ్యవహారంలో నిలబడే పద్ధతి

షోలాపూర్‌లో తువ్వాళ్లు నేయించే మనవారు గానీ, బళ్లారిలో జీన్సు కుట్టించే మనవారు గానీ టోకు వ్యాపారికి సరుకు వేయడం ఎరిగినవారే. ఆసుపత్రికో, హోటల్ సంస్థకో, ప్రభుత్వ శాఖకో నేరుగా అమ్మాలంటే లెక్క వేరు. మొదటి మాటకూ చేతికి డబ్బు అందడానికీ మధ్య ఆరు నెలలు, ఒక్కోసారి ఏడాది పడుతుంది. ఆ కాలాన్ని తట్టుకోలేకే చిన్న యూనిట్లు అప్పుల పాలవుతాయి. అందుకే సంఘానికి వచ్చి అడిగేవారికి మేము చెప్పే విషయాలను ఇక్కడ క్రమంగా ఇస్తున్నాము.

ఆలస్యం ఎందుకు?

వాడేవారు ఒకరు, కొనేవారు ఒకరు, బిల్లు పాసు చేసేవారు మరొకరు. ఆసుపత్రిలో దుప్పట్లు కావాలనేది వార్డు. కొటేషన్లు పిలిచేది కొనుగోలు విభాగం. సరుకు చూసి తీసుకునేది స్టోర్సు. డబ్బు విడుదల చేసేది అకౌంట్సు. ఎవరి దగ్గర ఆగినా ఫైలు ఆగినట్టే. ఒక్క అధికారి పరిచయాన్నే నమ్ముకుంటే, ఆయన బదిలీ అయిన రోజున పని మళ్లీ మొదటికి వస్తుంది. నాలుగు విభాగాల్లోనూ మన పేరు తెలిసి ఉండాలి.

ప్రభుత్వ ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ నుంచి మార్చి వరకు. మార్చిలో పరుగెత్తడం కంటే, వచ్చే ఏడాది అంచనాలు తయారయ్యే వేళకే ధర, నమూనా అందించడం మేలు.

ముందుగా చేయవలసినవి

ఉద్యం నమోదు ఉచితం. ఏజెంటుకు డబ్బు ఇవ్వనక్కర లేదు. ప్రభుత్వ కొనుగోళ్ల కోసం 2016లో వచ్చిన జెమ్ పోర్టల్‌లోనూ చేరాలి. కేంద్ర శాఖలు, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలు తమ కొనుగోళ్లలో కనీసం 25 శాతం సూక్ష్మ, చిన్న యూనిట్ల నుంచి తీసుకోవాలన్నది విధానం. ఆ యూనిట్లకు టెండరు ధరావతు మినహాయింపు కూడా ఉంది. ఇది తయారీదారులకు, సేవలందించేవారికి. కొని అమ్మే వ్యాపారులకు వర్తించదు.

నడుమ కాలంలో

కలిసి వచ్చిన రోజే, ఏం మాట్లాడుకున్నదీ, తరువాత ఎవరు ఏం చేయాలన్నదీ నాలుగు వాక్యాల్లో రాసి పంపాలి. ఇంట్లో తెలుగు మాట్లాడినా, ఆ ఉత్తరం మరాఠీ, కన్నడం, తమిళం, ఒడియా, ఆ ఊరి కార్యాలయంలో ఏది నడిస్తే అందులో ఉండాలి. ఇచ్చిన నమూనాకు జోడీ ఒకటి మన దగ్గర దాచుకోవాలి. ధర తొందరపడి తగ్గించకుండా, ముందు చిన్న ఆర్డరు అడగాలి. నిధులు మంజూరయ్యాయా, చివరి సంతకం ఎవరిది అని మర్యాదగానే అడగాలి. పదేపదే అడిగినా జవాబు రాకపోతే ఆ ఫైలు పక్కన పెట్టి వేరేచోట ప్రయత్నించాలి. పాత ఖాతాదారులను మాత్రం వదులుకోకూడదు. ఇల్లు నడిచేది వారి డబ్బుతోనే.

డబ్బు రాబట్టడం

2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న యూనిట్లకు రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకుండా చెల్లించాలి; ఒప్పందం లేకపోతే 15 రోజుల్లోనే. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ ఇవ్వాలి. సరుకు అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. అందుచేత తేదీ, సంతకం, ముద్ర ఉన్న డెలివరీ చలానా బంగారంతో సమానం. అప్పటికీ చెల్లించకపోతే రాష్ట్రంలోని ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు.

ఆర్డరు ఒప్పుకునే ముందు కాగితం మీద లెక్క వేయండి: నూలు, కూలి, రవాణా, వడ్డీ. కొన్నవారు డబ్బు ఇవ్వకపోయినా బిల్లు మీద జీఎస్టీ గడువుకు కట్టాల్సిందే. ఇవన్నీ ఆరు నెలలు మోయగలిగితేనే సంతకం చేయండి. ఇంటి బంగారం తాకట్టు పెడితే తప్ప సాగదనుకుంటే, ఆర్డరులో సగమే అడగండి.