పిల్లలకు పీల్చే మత్తుమందులు

శస్త్రచికిత్స వేళ శ్వాస ద్వారా ఇచ్చి, రోగికి స్పృహ లేకుండా చేసే ఔషధాలను పీల్చే మత్తుమందులు అంటారు. నైట్రస్ ఆక్సైడ్ వాయువు. హాలోథేన్, ఐసోఫ్లూరేన్, సెవోఫ్లూరేన్, డెస్‌ఫ్లూరేన్ అనేవి ద్రవాలు. వీటిని వేపరైజర్ అనే పరికరంతో ఆవిరిగా మార్చి ఆక్సిజన్‌తో కలిపి ఇస్తారు. సూదికి భయపడే పిల్లలకు తరచుగా ముందు మాస్కుతో మత్తు ఇచ్చి, ఆ తరువాత సూది వేస్తారు. కనుక మందు వాసన, అది పనిచేసే వేగం ముఖ్యమైనవి.

చరిత్ర

1848 జనవరి 28న ఇంగ్లాండులో 15 ఏళ్ల హన్నా గ్రీనర్ కాలిగోరు తీసే చిన్న చికిత్సలో క్లోరోఫాం వల్ల మరణించింది. ఇటువంటి మరణాలకు కారణం గుండె ఆగడమా, శ్వాస ఆగడమా అన్న వివాదం చాలాకాలం సాగింది. దీనిని తేల్చుటకు వైద్యుడు ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో 1888, 1889లలో హైదరాబాదు క్లోరోఫాం కమిషన్లు జంతువులపై ప్రయోగాలు చేశాయి. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వం రెండవ కమిషనుకు ధనసహాయం చేసింది. శ్వాసే ముందు ఆగుతుందని, దానిని గమనిస్తే చాలునని కమిషన్ తేల్చింది. అయితే తక్కువ మత్తులో కూడా క్లోరోఫాం వల్ల గుండె హఠాత్తుగా ఆగగలదని 1911లో గుడ్‌మన్ లెవీ నిరూపించాడు. నేడు శ్వాసను, గుండెను రెండింటినీ నిరంతరం గమనిస్తారు.

పోలిక

* హాలోథేన్: 1956లో వాడుకలోకి వచ్చింది. వాసన తియ్యగా ఉంటుంది. గుండె వేగాన్ని తగ్గిస్తుంది, లయ తప్పించవచ్చు. అరుదుగా కాలేయాన్ని దెబ్బతీస్తుంది.
* సెవోఫ్లూరేన్: ఘాటు లేదు, త్వరగా మత్తు ఎక్కుతుంది. గుండెపై ప్రభావం తక్కువ. అందుచేత మాస్కుతో మత్తు ఇచ్చుటకు దీనికే ప్రాధాన్యం. మెలకువ వచ్చేటప్పుడు కొందరు పిల్లలు కొంతసేపు తీవ్రంగా కలవరపడతారు.
* ఐసోఫ్లూరేన్: ఘాటైనది, దగ్గు తెప్పిస్తుంది. మత్తు ఎక్కిన తరువాత కొనసాగించుటకు వాడతారు.
* డెస్‌ఫ్లూరేన్: మెలకువ త్వరగా వస్తుంది. కానీ స్వరపేటికను బిగుసుకుపోయేలా చేయగలదు గనుక పిల్లలకు మాస్కుతో మొదలుపెట్టరు.
* నైట్రస్ ఆక్సైడ్: ఒంటరిగా చాలదు, తోడుగా ఇస్తారు. శరీరంలో గాలి నిలిచిన చోట్లను ఉబ్బిస్తుంది గనుక పేగులు మూసుకుపోయినప్పుడు వాడరు.

మోతాదు

కోత పెట్టినప్పుడు సగం మంది రోగులు కదలకుండా ఉండే గాఢతను ప్రమాణంగా తీసుకుంటారు. సెవోఫ్లూరేన్‌కు ఇది నవజాత శిశువులలో సుమారు 3.3 శాతం, ఆరు నెలలు దాటిన పిల్లలలో 2.5 శాతం, పెద్దలలో ఇంకా తక్కువ.

జాగ్రత్తలు

నైట్రస్ ఆక్సైడ్ తప్ప పై మందులన్నీ వంశపారంపర్య లోపం ఉన్నవారిలో ప్రాణాంతకమైన జ్వరాన్ని, కండరాల బిగుతును కలిగించవచ్చు. దీనికి విరుగుడు డాంట్రోలిన్. రక్తసంబంధీకులలో ఎవరికైనా మత్తు వికటించి ఉంటే, తల్లిదండ్రులు ఆ సంగతిని వైద్యునికి ముందే తెలుపవలెను. పిల్లవాడికి జలుబు, దగ్గు ఉన్నా చెప్పవలెను. పొట్టలోనిది ఊపిరితిత్తులలోకి పోకుండా, సాధారణంగా ఘనాహారం ఆరు గంటలు, తల్లిపాలు నాలుగు గంటల ముందు ఆపుతారు.