సంజ్ఞాభాష: ఆంగికమా, వాచికమా?

భరతముని అభినయమును ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము అని నాలుగు విధములుగా విభజించెను. బధిర నటుడొకడు సంజ్ఞాభాషయందు విషాదాంత నాటకమును ప్రదర్శించినచో ఆ అభినయమును వీనిలో దేనియందు చేర్చవలెను? చేతులతో జరుగునది గనుక ఆంగికమని తోచుట సహజము. అది సరికాదని 1986లో వాషింగ్టన్ నగరమున జరిగిన యొక ప్రదర్శనము ఆధారముగా నిరూపింప యత్నింతుము.

క్రీ.పూ. 5వ శతాబ్ది గ్రీకు నాటకకర్త సోఫోక్లీస్ రచించిన 'అజాక్స్' కథ ఇది. ట్రాయ్ యుద్ధమున మరణించిన అకిలీస్ ఆయుధములు ఒడిస్యూస్‌నకు దక్కెను. అవమానితుడైన అజాక్స్ సేనానాయకులను వధింప బూని, ఎథీనా దేవత కల్పించిన ఉన్మాదమున పశువులను శత్రువులుగా భ్రమించి సంహరించెను. తెలివి వచ్చిన పిదప సిగ్గు భరింపజాలక తన ఖడ్గముపై బడి ప్రాణములు విడిచెను.

రాబర్ట్ ఔలెట్టా చేసిన ఆంగ్లానుసరణమును పీటర్ సెల్లర్స్ దర్శకత్వమున అమెరికన్ నేషనల్ థియేటర్ కెనెడీ కళాకేంద్రమున ప్రదర్శించెను. కథాస్థలము అమెరికా సైనిక కార్యాలయమగు పెంటగన్‌గా మార్చబడినది. నాయక పాత్రధారి హౌవీ సీగో బధిరుడు. ఆయన సంజ్ఞాభాషలో సంభాషింపగా వృందములోని నటులు ఆ మాటలను గొంతెత్తి వినిపించిరి.

మన నాట్యమునందలి పతాకాది హస్తములు గాయకుడు పాడు పదమును అనుసరించి అర్థమును స్ఫురింపజేయును, భాష పదమునందున్నది. సంజ్ఞాభాష అట్టిది కాదు. దానికి భాషాలక్షణమగు నిర్మాణము కలదని విలియమ్ స్టోకీ 1960లో నిరూపించెను. అందు కనుబొమలనెత్తుట సైతము ప్రశ్నార్థకము కాగలదు. ప్రాచీన గ్రీకు నటునివలె సీగో ముఖమునకు ముసుగు ధరించినచో వ్యాకరణమే మఱుగుపడెడిది.

నాటకప్రతి ఆంగ్లమున నుండుటచే హస్తములు అనువాదమాత్రములని ఆక్షేపింపవచ్చును. కాని ప్రతి వేఱు, రంగమున పాత్ర పలుకు వేఱు. ప్రేక్షకుని యెదుట అజాక్స్ వాక్కు ఆ హస్తములయందే పుట్టినది. వృందము పలికినది దాని ప్రతిధ్వని. కథయు దీనికి తోడ్పడుచున్నది. అజాక్స్ మరణమునకు ముందు చెప్పిన ద్వ్యర్థి వచనములను విని, అతడు ప్రాణత్యాగ సంకల్పమును విడిచెనని వృందము పొరపడును. ఈ ప్రదర్శనమున అతని మాటకు గొంతునిచ్చువారే అతని భావమును గ్రహింపలేకపోయిరి. నాయకుని ఏకాకిత్వము ఇంత ప్రత్యక్షముగా కనిపించుటకు సంజ్ఞాభాషయే కారణమని మేము తలంచుచున్నాము.

ఈ విచారణ కేవలము లక్షణచర్చ కాదు. 1880లో మిలాన్‌నందు సమావేశమైన బధిరవిద్యా మహాసభ సంజ్ఞలకంటె నోటి మాటయే శ్రేష్ఠమని తీర్మానించెను. తత్ఫలితముగా పెక్కు పాఠశాలలయందు పిల్లల చేతిభాష నిషిద్ధమైనది. 2010లో వాంకూవర్ మహాసభ ఆ తీర్మానములను త్రోసిపుచ్చినది. సంజ్ఞాభాషను ఆంగికమని మాత్రమే వర్గీకరించుట, తెలియకయే మిలాన్ పక్షమున నిలుచుట యగును. కావున హౌవీ సీగో అభినయమును వాచికముగనే పరిగణింపవలెనని మా నిర్ణయము.