సాక్ష్యం చెప్పే రాత్రి

జీపు దిగేసరికి రాత్రి ఎనిమిదయింది. 2025 డిసెంబరు 24. అరకులోయ లాడ్జీల దీపాలు, బొంగు చికెన్ పొగ, విశాఖ నుంచి వచ్చిన కార్ల హారన్లు అన్నీ వెనకే ఉండిపోయాయి. ఇక్కడి నుంచి మట్టి దారి. మఫ్లరు చెవుల మీదికి లాక్కోండి. మంచు తెల్లవారుజామున దిగుతుంది. ఇప్పుడున్నది పొడి చలి, గాలి పీలిస్తే ముక్కు లోపల మండుతోంది. ముందు నడుస్తున్న కుర్రాడు స్వెట్టరు మీద తువ్వాలు చుట్టుకుని, సెల్‌ఫోను లైటు నేలకి పట్టాడు.

"జాగర్త సార్, ఇక్కడ గట్టు కోసేసింది."

కోసేసింది మోంథా తుపాను వాన. అక్టోబరు 28 రాత్రి అది తీరం దాటింది అక్కడెక్కడో గోదావరి వైపు. వాన మాత్రం ఈ కొండల మీదా కురిసింది. కోతకొచ్చిన వరి, ఎండబెట్టిన చోళ్లు తడిసి మొలకలెత్తాయని నడుస్తూనే చెబుతాడు కుర్రాడు. గొంతులో ఫిర్యాదేమీ లేదు, లెక్క అప్పజెప్పినట్టు చెబుతాడు.

దారికి ఎడమ పక్క కాఫీ తోట. ఒక్క నిమిషం ఆగండి. లైటు పైకెత్తితే సిల్వర్ ఓక్ చెట్ల బోదెలు, వాటిని చుట్టుకుని మిరియాల తీగలు, కింద మనిషెత్తు కాఫీ మొక్కలు. 2019లో భౌగోళిక గుర్తింపు దక్కిన అరబికా ఇదే. డిసెంబరంటే కొమ్మ కొమ్మకీ ఎర్రటి పళ్లు గుత్తులుగా ఉండాల్సిన కాలం. ఈ తోటలో కొమ్మలు చాలామటుకు బోసిగా ఉన్నాయి. కోత అయిపోయి కాదు. సెప్టెంబరులోనే, పచ్చి కాయలుండగానే దూసేశారు.

కాయతొలుచు పురుగు వచ్చింది. ఒకటిన్నర మిల్లీమీటరుంటుంది, నల్లటి పెంకు పురుగు. ఆడది కాయ బొడ్డు దగ్గర సన్నగా తొలుచుకుని లోపలికి పోయి గుడ్లు పెడుతుంది, పిల్లలు గింజను తినేస్తాయి. పైనుంచి చూస్తే కాయ నిండుగానే ఉంటుంది. మన దేశంలో 1990లో నీలగిరుల్లోని గూడలూరులో మొదట కనబడింది. అక్కడి నుంచి దక్షిణాది కాఫీ సీమలన్నీ తిరిగినా ముప్పయి అయిదేళ్లు అరకు జోలికి రాలేదు. 2025 వర్షాకాలంలో చినలబుడు పంచాయతీ తోటల్లో బయటపడింది. మందు కొడితే కాయ లోపలి పురుగుకి తగలదు. కాయల్ని దూసి, మరిగే నీళ్లలో ముంచి, గోతిలో పూడ్చాలి. అలాగే చేశారు. కిలోకి 50 రూపాయలు పరిహారమన్నారు. ఏడాదంతా పెంచిన కాయని ఎవరి తోటలో వారే గంగాళంలో ఉడకబెట్టడం ఎలా ఉంటుందో ఆ 50 రూపాయలు చెప్పవు.

పదండి. డప్పు వినబడుతోంది.

ఈ ఊరి క్రీస్తు గుడి అంటే ఇటుక గోడలు, పైన రేకులు. వెదురు బద్దలకి రంగు కాగితం అంటించి కట్టిన నక్షత్రం గుమ్మం పైన వేలాడుతోంది, లోపల పసుప్పచ్చ బల్బు. చెప్పులు బయట విడవండి. లోపల ఒక పక్క ఆడవాళ్లు, ఒక పక్క మగవాళ్లు, ముందు వరసలో పిల్లలు. "వందనాలండి, రండి రండి" అంటూ జరిగి చోటిస్తారు. దుప్పట్లు కప్పుకున్న అన్ని ఒళ్ల వేడికి చలి సగం తగ్గింది. కిరోసిన్ వాసన, కొబ్బరినూనె వాసన, కొత్త గుడ్డల గంజి వాసన. ఈ ఏడు అందరికీ కొత్త బట్టల్లేవు. పిల్లలకున్నాయి.

ఈ కొండల్లో క్రిస్మస్ నిన్నమొన్నటిది కాదు. జర్మనీలోని బ్రెక్లుం నుంచి లూథరన్ మిషనరీలు 1882లోనే పక్కనున్న కోరాపుట్ కొండలకి వచ్చారు, తర్వాత సాలూరుకి. ఇప్పుడు ఈ గుళ్లో ఒక పాట తెలుగులో లేస్తే తర్వాతి పాట ఆదివాసీ ఒడియాలో. వెనక గోడకి ఆనుకుని నిలబడ్డ పెద్దాయన గుడికి వచ్చేవాడు కాదు, కొండదేవతకి మొక్కేవాడు. ప్రేమ విందుకి రెండు గుమ్మడికాయలు తెచ్చి, పాటలు విందామని ఉండిపోయాడు.

పిల్లల నాటిక మొదలైంది. తల మీద తువ్వాలు చుట్టుకున్న యోసేపుకి పన్నెండేళ్లుంటాయి. నిండు గర్భిణి మరియమ్మని తీసుకుని బేత్లెహేముకి నడవాలి. మైదానంలో ఈ కథని గాడిదతో చూపిస్తారు. ఇక్కడి పిల్లలు గాడిద బొమ్మ చెయ్యలేదు. కర్రకి దుప్పటి కట్టి డోలీ చేశారు, ఇద్దరు మోస్తున్నారు. ఎవరూ నవ్వలేదు. నా మటుకు, ఆ ప్రయాణాన్ని ఇంత సరిగ్గా అర్థం చేసుకున్నవాళ్లని ఎక్కడా చూడలేదు. రోడ్డు లేని ఊళ్ల నుంచి ఈ కొండల్లో గర్భిణులు ఇవాళ్టికీ డోలీలోనే దిగుతున్నారు.

పశువుల పాకలో పడుకోబెట్టింది బొమ్మని కాదు. నిజం పిల్లాణ్ణి, అయిదు నెలలవాణ్ణి. నాటిక అవగానే వాడి తండ్రి లేచి నిలబడ్డాడు. ఈ ఏడు తమకేం జరిగిందో ఒక్కొక్కరే లేచి చెప్పే సాక్ష్యాలు మొదలయ్యాయి.

"జూలైలో వానలో మా ఇంటిదాన్ని డోలీలో తెచ్చాం. గెడ్డ పొంగింది. నడుం లోతు నీళ్లలో మా బావమరుదులు మోశారు. ఆస్పత్రికి చేరగానే వీడు పుట్టాడు. అదే నా సాక్ష్యం."

"స్తోత్రం" అన్నారందరూ.

ఒకామె లేచింది, నలభై దాటి ఉంటాయి. "ఆ మొక్కలు మా ఆయన నాటినవి. ఆయన పోయి నాలుగేళ్లు. కాయలు మరిగే నీళ్లలో వేస్తుంటే ఆయన్ని రెండోసారి సాగనంపినట్టయింది. ఏడ్చాను. తర్వాత పక్క గూడెం వాళ్ల తోటలో కూడా దూయాలంటే మేం పదిమందిమి వెళ్లాం. వాళ్ల ఏడుపు చూసి నాది ఆగింది."

తర్వాత ఒక ముసలాయన. నిలబడడానికే కాసేపు పట్టింది. "నాకు చెప్పడానికేం లేదు. ఈ ఏడు మంచేమీ జరగలేదు. వచ్చాను." కూర్చున్నాడు.

"స్తోత్రం" అన్నారు, అంతే గట్టిగా. పాస్టరు అయ్యగారు ఆయన మాటకి ఏ వచనమూ జోడించలేదు, ఓదార్పూ చెప్పలేదు. ఈ రాత్రి విన్నవాటిలో నన్ను పట్టుకున్న సాక్ష్యం ఇదే. పండుగ పూట ఏడవకూడదని మనకి చిన్నప్పటి నుంచీ నేర్పుతారు. కష్టాన్ని మర్నాటికి వాయిదా వేసి నవ్వమంటారు. ఇక్కడ కష్టాన్నే ముందు చెప్పించారు. అది చెప్పేశాక మనిషి ఊపిరి ఎంత తేలికగా ఆడుతుందో పక్కన కూర్చున్న మీకూ తెలుస్తోంది.

అందుకే పన్నెండు కొట్టగానే లేచిన ఆ కేకలో బలవంతం లేదు. గుడి బయట నెగడు అంటించారు. నెలవంక ఎప్పుడో కొండ వెనక్కి దిగిపోయింది, గొల్లకావిడి నడినెత్తికి వచ్చింది. లోయ అవతల కిరండూల్ లైను మీద ఇనుప ఖనిజం గూడ్సు సాగుతోంది, దాని చప్పుడు తగ్గేదాకా కూడా ఎవరూ ఆగలేదు. తుడుము అందుకున్నారు. ఆడవాళ్లు నడుముల వెనక చేతులు కలిపి థింసా వరస కట్టారు. పాటేమో క్రీస్తు పుట్టుక, అడుగేమో తాతల నాటిది. కాయలు ఉడకబెట్టిన ఆమె వరస చివర ఉంది, అందరికన్నా గట్టిగా పాడుతోంది. ముసలాయన నెగడు దగ్గర కూర్చుని చేతులు కాచుకుంటున్నాడు. ఆడలేదు. పాట మారినప్పుడల్లా తల తిప్పి చూశాడు.

"రా అక్కా, రా" అని మీ పక్కనున్నామెని లాగుతారు. మిమ్మల్నీ లాగుతారు. అడుగు తప్పినా ఎవరూ ఏమీ అనరు.

తెల్లారి ఆరాధన అయ్యాక ప్రేమ విందు. అడ్డాకుల్లో వేడన్నం, గుమ్మడికాయ కూర, రాజ్మా, మాంసం ఒక్కో ముక్క. ప్రతి ఏడూ మేకని కోసేవాళ్లట. ఈసారి ఇంటికో గుప్పెడు బియ్యం, తలా ఇంత చందా. "తగ్గింది కదా" అంటే వడ్డిస్తున్న కుర్రాడు, "మనుషులు తగ్గలేదు సార్" అన్నాడు. నిన్న రాత్రి దారి చూపిన కుర్రాడే. మర్నాడు శుక్రవారం, అరకు సంత. ఆ తర్వాత మిగిలిన మొక్కల్లో పండిన పళ్లు కోయాలి, రాలిన ప్రతి కాయనీ నేల మీంచి ఏరాలి. ఒక్క పుచ్చు కాయ మిగిలినా వచ్చే పంటకి పురుగు అక్కడి నుంచే లేస్తుంది.

ఏటా డిసెంబరులో అరకు వెళ్లేవాళ్లకి ఒక మనవి. తోటల్లో ఫొటోలు దిగండి గానీ కాఫీ కాయలు తెంపి జేబులో వేసుకోకండి, ఒక తోట కాయ ఇంకో తోట దగ్గర పారెయ్యకండి. రాత్రి ఏ ఊళ్లోనైనా డప్పు వినిపిస్తే మొహమాటపడకుండా వెళ్లండి. ఎవరైనా సాక్ష్యం చెబుతుంటే ఫోను లోపల పెట్టండి. పొద్దున అన్నం పెడతారు, తినే రండి.