ఎం.ఎం.టి.ఎస్., మెము: తెలంగాణలో కరెంటు ప్యాసింజర్ల చరిత్ర

ఎం.ఎం.టి.ఎస్. అంటే హైదరాబాద్, సికింద్రాబాద్ జంట నగరాల్లోనూ వాటి శివార్లలోనూ దక్షిణ మధ్య రైల్వే నడిపే కరెంటు లోకల్ రైళ్ల వ్యవస్థ. పూర్తి పేరు మల్టీ మోడల్ ట్రాన్స్‌పోర్ట్ సిస్టమ్. 2003 ఆగస్టు 9న మొదలైంది. నగర ప్రయాణికుల కోసం ప్రత్యేకంగా లోకల్ రైళ్లు నడిచే నగరం తెలుగు రాష్ట్రాల్లో హైదరాబాద్ ఒక్కటే. ఇదే తరహా బండ్లు కాస్త ఎక్కువ దూరానికి, జిల్లా పట్టణాల మధ్య నడిస్తే వాటిని మెము అంటారు. కాజీపేట, డోర్నకల్, ఖమ్మం, విజయవాడ మార్గంలో తిరిగేవి అవే. ఖానాపురం హవేలి లాంటి ఖమ్మం నగర శివార్ల వాసులు ఖమ్మం స్టేషన్‌లో ఎక్కే ప్యాసింజర్ ఇప్పుడు చాలామటుకు మెమునే. రెంటిలోనూ ఇంజను విడిగా ఉండదు. కొన్ని కోచ్‌ల అడుగునే మోటార్లుంటాయి, పైన పాంటోగ్రాఫ్ 25,000 వోల్టుల తీగను తాకుతుంది, రెండు చివర్లా డ్రైవరు క్యాబిన్ ఉంటుంది.

పట్టాలు పడిన కాలం

నిజాం రాజ్యానికి రైలు 1874లో వచ్చింది. వాడి నుంచి సికింద్రాబాద్ దాకా వేసిన ఆ లైను హైదరాబాద్‌ను బొంబాయి మార్గంతో కలిపింది. నేటి లింగంపల్లి, హఫీజ్‌పేట, బేగంపేట స్టేషన్ల లోకల్ బండ్లు నడిచేది ఆ దారి మీదే.

తూర్పు లైనుకు కారణం బొగ్గు. 1870ల తొలినాళ్లలో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు నిక్షేపాలను గుర్తించాడు. దాంతో వరంగల్ మీదుగా చాందా వైపు రైలు వేసే పథకం ముందుకొచ్చింది. ఖజానా మీద పడే భారం ఎంతో, రైలు వేసే కంపెనీకి ఒప్పుకున్న షరతులేమిటో ప్రజలకు చెప్పాలని 1883లో హైదరాబాద్‌లో ఆందోళన లేచింది. సరోజినీ నాయుడు తండ్రి అఘోరనాథ్ చటోపాధ్యాయను ఆ ఆందోళన కారణంగానే నగరం నుంచి బహిష్కరించారు. రైలు ఖర్చు లెక్క అడిగినందుకు ఒక విద్యావేత్త ఊరు విడవాల్సి వచ్చిన ఈ ఘట్టం హైదరాబాద్ ప్రజాజీవిత చరిత్రలో గుర్తుంచుకోదగ్గది. లైను మాత్రం ఆగలేదు. 1886కు వరంగల్, 1888కి డోర్నకల్, 1889కి ఖమ్మం మీదుగా బెజవాడ చేరింది. డోర్నకల్ నుంచి ఇల్లెందు గనులకు ఒక శాఖ చీలింది. ఆ శాఖలోని కారేపల్లి నుంచి కొత్తగూడేనికి 1927లో మరో లైను పడింది. అక్కడి స్టేషన్‌కు భద్రాచలం రోడ్ అని పేరు పెట్టారు. గుడి అక్కడికి దాదాపు 40 కి.మీ. దూరంలో, గోదావరికి ఆవల ఉంది.

ఇటు మీటర్‌గేజ్ లైను హైదరాబాద్ గోదావరి వ్యాలీ రైల్వే పేరుతో 1900 ప్రాంతంలో మన్మాడ్ దాకా వెళ్లింది. మేడ్చల్, బొల్లారం ఆ దారిలోవే. కాచిగూడ స్టేషన్ 1916లో కట్టారు. 1930లో నిజాం ప్రభుత్వం రైల్వేను సొంతం చేసుకుంది. 1932లో అదే రైల్వే 27 బస్సులతో రోడ్డు రవాణా శాఖను తెరిచింది. రైలు, బస్సు ఒకే యాజమాన్యం కింద ఒకదానికొకటి అందిరావాలన్న ఆ ఆలోచన గొప్పది. ఎం.ఎం.టి.ఎస్. పేరులోని మల్టీ మోడల్ అన్న మాటకు అసలు అర్థం కూడా అదే. ఆ తర్వాత నిజాం రైల్వే భారతీయ రైల్వేలో విలీనమై, జోన్ల పునర్విభజన జరిగి, 1966 అక్టోబరు 2న సికింద్రాబాద్ కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది.

తీగ వచ్చింది, బండి మారలేదు

కరెంటు రైళ్ల కథ మొదట పెద్ద రేవు పట్టణాలది. బొంబాయిలో 1925 ఫిబ్రవరి 3న తొలి కరెంటు రైలు కుర్లా దాకా నడిచింది. మద్రాసులో బీచ్, తాంబరం స్టేషన్ల మధ్య 1931లో వచ్చింది, కలకత్తాలో 1957లో. ఒకే క్యాబిన్ నుంచి చాలా కోచ్‌ల మోటార్లను కలిపి నడిపే పద్ధతిని అమెరికా ఇంజనీరు ఫ్రాంక్ స్ప్రేగ్ 1897లో షికాగోలో పనిలోకి తెచ్చాడు. లోకల్ రైలుకు ఆయువుపట్టు అదే. రెండు మూడు కిలోమీటర్లకొక స్టేషన్ ఉన్నచోట బండి చటుక్కున వేగం అందుకోవాలి, చటుక్కున ఆగాలి. చివరి స్టేషన్‌లో ఇంజను విప్పి ముందుకు తెచ్చి తగిలించే పని ఉండకూడదు.

మద్రాసు నుంచి విజయవాడ దాకా 1980లో కరెంటు తీగ పూర్తయింది. 1980ల రెండో సగంలో ఖమ్మం, డోర్నకల్, కాజీపేట దాటింది. 1990ల తొలినాళ్లలో సికింద్రాబాద్ చేరింది. ఈ ఖర్చంతా ఢిల్లీ, మద్రాసు ప్రధాన మార్గం కోసం, గూడ్సుల కోసం, ఎక్స్‌ప్రెస్‌ల కోసం పెట్టింది. ప్యాసింజర్ బండికి వచ్చిన మార్పు ఏళ్ల తరబడి ఒక్కటే, డీజిల్ ఇంజను స్థానంలో కరెంటు ఇంజను తగిలించడం.

మధ్యలో పుష్‌పుల్ అనే బండి వచ్చింది. ఇంజను మామూలుదే కానీ, రెండు చివర్లా డ్రైవరు క్యాబిన్ ఉంటుంది కనుక తిప్పే పని లేదు. కాజీపేట, సికింద్రాబాద్‌ల నడుమ ఉద్యోగులకు అది ఎంతగా అలవాటైందంటే, తర్వాత మెము వచ్చినా చాలామంది పుష్‌పుల్ అనే పిలిచారు.

మెము బండ్లు

దేశంలో మెము సేవలు 1990ల మధ్యలో మొదలయ్యాయి. లోకల్ బండికీ దీనికీ ఎక్కగానే తెలిసే తేడా మరుగుదొడ్డి. గంటో గంటన్నరో ప్రయాణించే నగర బండిలో అది ఉండదు, మెములో ఉంటుంది. పాత ప్యాసింజర్ కన్నా మెములో తలుపు వెడల్పు. నిలబడేందుకు జాగా ఎక్కువ, పట్టుకోవడానికి పైన వేలాడే పిడులు. ఖమ్మంలో పొద్దుటి బండి ఆగిందంటే ముందు దిగేవి పాల క్యాన్లు, కూరగాయల గంపలు. వాటి వెనక బోనకల్లు, చింతకాని వైపు నుంచి వచ్చిన కాలేజీ పిల్లలు.

విజయవాడ నుంచి డోర్నకల్‌కు, డోర్నకల్ నుంచి కాజీపేటకు నడిచే మెములు ఎర్రుపాలెం, మధిర, మోటమర్రి, నాగులవంచ, పందిళ్ళపల్లి, మల్లెమడుగు, పాపటపల్లి వంటి చిన్న స్టేషన్లకు ఉన్న అసలు ఆధారం. వీటిలో ఎక్కువచోట్ల ఎక్స్‌ప్రెస్ ఆగదు. భద్రాచలం రోడ్ శాఖలో కారేపల్లి, తడికలపూడి, చీమలపాడు ఊళ్లదీ ఇదే స్థితి. అక్కడ అడవి అంచున ఉన్న గిరిజన గ్రామాలవారికి ఆస్పత్రికైనా సంతకైనా తక్కువ ఖర్చుతో వెళ్లే దారి రైలే.

ఈ మార్గంలో మెముకు ఉన్న ప్రధాన ఇబ్బంది బండి కాదు, జాగా. సింగరేణి బొగ్గు గూడ్సులు, దక్షిణాది ఎక్స్‌ప్రెస్‌లు, ప్యాసింజర్లు అన్నీ చాలాకాలం రెండే లైన్ల మీద సర్దుకోవాల్సి వచ్చింది. వెనక ఎక్స్‌ప్రెస్ వస్తే ప్యాసింజర్‌ను స్టేషన్‌లో పక్క లూప్‌లైన్లో పెడతారు, లేదా స్టేషన్ బయట అవుటర్ సిగ్నల్ దగ్గర ఆపుతారు. కాజీపేట, విజయవాడ మధ్య సుమారు 219 కి.మీ. మూడో లైను ఇందుకోసమే చేపట్టారు. పని జరిగే రోజుల్లో ముందుగా రద్దయ్యేది కూడా మెమునే. 2024 సెప్టెంబరు 1న కుండపోతకు ఇంటికన్నె, కేసముద్రం మధ్య పట్టాల కింద కంకర కొట్టుకుపోయి మార్గమంతా స్తంభించింది. వందలమంది కార్మికులు వానలోనే రాత్రింబవళ్లు పనిచేసి కొద్ది రోజుల్లోనే దారి తెరిచారు.

2003: నగరానికి లోకల్ రైలు

హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ 1998లో తెరుచుకున్నాక నగరం పడమటికి పాకింది. మాదాపూర్, కొండాపూర్ రోడ్లు నిండాయి. వాటి పక్కనే వాడి లైను అప్పటికే ఉంది. ఉన్న పట్టాలనే వాడుకుని, తీగ బిగించి, చిన్న స్టేషన్లు కట్టి లోకల్ రైళ్లు నడపాలని రాష్ట్ర ప్రభుత్వం, రైల్వే కలిసి నిర్ణయించాయి. ఖర్చు చెరిసగం. తొలి దశకు సుమారు రూ. 178 కోట్లయింది. తర్వాత వేల కోట్లతో వచ్చిన మెట్రోతో పోలిస్తే ఇది ఎంతో పొదుపైన, తెలివైన పెట్టుబడి.

2003 ఆగస్టు 9న నాటి ఉప ప్రధాని ఎల్.కె. అద్వానీ ప్రారంభించారు. నాంపల్లి, సికింద్రాబాద్‌ల నుంచి లింగంపల్లికి బండ్లు తిరిగాయి. కొద్ది నెలలకు సికింద్రాబాద్ నుంచి ఫలక్‌నుమాకూ వచ్చాయి. లకిడీకాపూల్, నెక్లెస్ రోడ్, నేచర్ క్యూర్ హాస్పిటల్, భరత్‌నగర్, బోరబండ, హైటెక్ సిటీ, చందానగర్ ఒకవైపు. సీతాఫల్‌మండి, ఆర్ట్స్ కాలేజీ, జామై ఉస్మానియా, విద్యానగర్, మలక్‌పేట, డబీర్‌పుర, యాకుత్‌పుర, ఉప్పుగూడ ఇంకోవైపు. పాతబస్తీనీ ఐటీ కారిడార్‌నూ ఒకే టికెట్ మీద కలిపిన తొలి ప్రజా రవాణా ఇదే అనడం అతిశయోక్తి కాదు. యాకుత్‌పురలో ఎక్కిన కుర్రాడు బేగంపేట మీదుగా హైటెక్ సిటీ చేరడానికి ఎన్ని బస్సులు మారాల్సివచ్చేదో తలుచుకుంటే దీని విలువ తెలుస్తుంది.

బస్సు, రైలు రెండింటికీ చెల్లే కాంబి టికెట్లు ఇచ్చారు, స్టేషన్లకు ఆర్టీసీ ఫీడర్ బస్సులు వేశారు. ఫీడర్ బస్సుల ఏర్పాటు మాత్రం చివరిదాకా బలపడలేదు. చాలా స్టేషన్లు ప్రధాన రోడ్డుకు దూరంగా, సందుల వెనక ఉన్నాయి. దిగినవాళ్లకు షేర్ ఆటోయే గతి అయింది. అయినా రద్దీ పెరిగింది. కోవిడ్‌కు ముందు రోజుకు 120 దాకా సర్వీసులు నడిచేవి.

కొత్త రేకులు

బండ్ల నిర్వహణ మౌలాలి కార్‌షెడ్‌ది. తొలి రేకుల్లో, అంటే ఒక బండిగా కలిపిన కోచ్‌ల వరసల్లో, కోచ్‌లు తక్కువ. తర్వాత 9 కోచ్‌లకు, ఆపై 12 కోచ్‌లకు పెరిగాయి. 2018 తర్వాత చెన్నై పెరంబూరులోని ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ నుంచి కొత్త తరహా రేకులు వచ్చాయి. పాతవాటిలో డీసీ మోటార్లు, వీటిలో త్రీఫేజ్ ఏసీ మోటార్లు. బ్రేకు వేసినప్పుడు మోటారే జనరేటరుగా మారి కొంత కరెంటును తిరిగి తీగలోకి పంపుతుంది. మాటిమాటికీ ఆగే లోకల్ బండికి ఇంతకన్నా తగిన ఏర్పాటు లేదు. మహిళల కోచ్‌లలో సీసీ కెమెరాలు, ఎల్ఈడీ దీపాలు, గాలి ఆడే ఏర్పాట్లు చేశారు.

బండి పొడుగైతే ప్లాట్‌ఫారం కూడా పొడుగు కావాలి. స్టేషన్లు చిన్నవిగా కట్టినచోట ఆ పని వెనకబడింది.

2019 నవంబరు 11న కాచిగూడలో ఒక ఎం.ఎం.టి.ఎస్. బండి కర్నూలు ఇంటర్‌సిటీని ఢీకొట్టింది. క్యాబిన్‌లో ఇరుక్కున్న లోకో పైలట్‌ను బయటికి తీయడానికి దాదాపు ఎనిమిది గంటలు పట్టింది. కొద్ది రోజులకు ఆయన ఆస్పత్రిలో కన్నుమూశారు. సిగ్నళ్లను మనిషి చూపుకే వదిలేయకుండా యంత్రం కూడా కాపు కాయాలన్న చర్చ ఆ తర్వాత ఊపందుకుంది.

రెండో దశ

2012-13లో మంజూరైన రెండో దశ అంచనా రూ. 816 కోట్లు. ఈసారి మూడింట రెండు వంతులు రాష్ట్రానివి, ఒక వంతు రైల్వేది. పని రైల్ వికాస్ నిగమ్ చేతికి వెళ్లింది. ఘట్‌కేసర్, మేడ్చల్, ఉందానగర్, తెల్లాపూర్, రామచంద్రాపురం వైపులకు, సనత్‌నగర్ నుంచి మౌలాలికి లైన్లు విస్తరించాలన్నది పథకం. రాష్ట్ర వాటా సొమ్ము ఆలస్యమైంది. సనత్‌నగర్, మౌలాలి మధ్య కొంత దారి రక్షణ శాఖ భూముల గుండా పోవాల్సి రావడంతో అనుమతులకు కాలం గడిచింది. పూర్తయిన ముక్కలు కూడా బండ్లు లేక కొన్నాళ్లు ఖాళీగా పడి ఉండేవి. శంషాబాద్ విమానాశ్రయం లోపలికి పట్టాలు పడలేదు, లైను ఉందానగర్ దగ్గరే ఆగింది.

ఈలోగా 2017 నవంబరు 28న మెట్రో మొదలై పడమటి ప్రయాణికుల్లో చాలామందిని లాక్కుంది. 2020 మార్చిలో కోవిడ్‌తో లోకల్ బండ్లు నిలిచిపోయాయి. 2021 జూన్ 23న తిరిగి వచ్చినప్పుడు పది సర్వీసులే. 2022 మేలో ఫస్ట్ క్లాసు చార్జీ సగానికి దించారు. ఖమ్మం మార్గంలో మెములు స్పెషల్ పేరుతో తిరిగొచ్చి, పది రూపాయల కనీస చార్జీ ముప్పై అయింది. కూలికి, చదువుకు రోజూ వెళ్లేవారికి అది మోయలేని బరువు. 2024 ఫిబ్రవరిలో మళ్లీ పదికి తెచ్చారు.

2023 ఏప్రిల్ 8న ప్రధాని నరేంద్ర మోదీ మేడ్చల్, ఉందానగర్ వైపు 13 కొత్త సర్వీసులను ప్రారంభించారు. 2024 మార్చి 5న ఘట్‌కేసర్ నుంచి మౌలాలి, సనత్‌నగర్ మీదుగా లింగంపల్లికి తొలి బండి కదిలింది. సికింద్రాబాద్ తాకకుండా పోయే ఆ దారిలో నేరేడ్‌మెట్, అమ్ముగూడ, భూదేవినగర్, సుచిత్ర సెంటర్, ఫిరోజ్‌గూడ వంటి కొత్త స్టేషన్లు వచ్చాయి.

తయారీ, విస్తరణ

రైళ్ల విద్యుత్ పరికరాలు చేసే హైదరాబాద్ సంస్థ మేధా సర్వో డ్రైవ్స్ తొలి వందే భారత్ రేకులకు పరికరాలు అందించింది. ఆ సంస్థ శంకర్‌పల్లి దగ్గరి కొండకల్‌లో కట్టిన కోచ్ ఫ్యాక్టరీ 2023 జూన్ 22న ప్రారంభమైంది. 1980ల్లో తమకు రావాల్సిన కోచ్ ఫ్యాక్టరీ కపుర్తలాకు తరలిపోయిందని కాజీపేట జనం ఇప్పటికీ చెప్పుకుంటారు. 2023 జులై 8న కాజీపేట వ్యాగన్ యూనిట్‌కు శంకుస్థాపన జరిగింది. తర్వాత దాన్ని ప్యాసింజర్ కోచ్‌లు కూడా చేసే రైల్వే తయారీ యూనిట్‌గా విస్తరించాలని నిర్ణయించారు.

ఘట్‌కేసర్ నుంచి యాదాద్రి భక్తుల స్టేషన్ రాయగిరి దాకా సుమారు 33 కి.మీ. ఎం.ఎం.టి.ఎస్. విస్తరణ 2016 నుంచి ప్రతిపాదనలో ఉంది. మొదట రాష్ట్రం వాటాతో చేయాలనుకున్న ఈ పనిని తర్వాత రైల్వే సొంత నిధులతో చేపట్టేందుకు ముందుకొచ్చింది. లోకల్ బండ్లకు వేరే లైను ఏర్పడితే, అదే మార్గంలో సికింద్రాబాద్ చేరే శాతవాహన, గోల్కొండ, కృష్ణా ఎక్స్‌ప్రెస్‌ల ఖమ్మం ప్రయాణికులకు కూడా ఘట్‌కేసర్ అవతల సిగ్నళ్ల దగ్గర పడిగాపులు తగ్గుతాయి.