కానుపు ఖర్చు ఎవరి చేతికి?

కానుపు ఖర్చనగానే మనము ఆసుపత్రి బిల్లునే తలచుకొంటాము. బ్రిటను చరిత్ర చూచినచో మరొక సంగతి తెలుస్తుంది: సొమ్ము ఎవరి చేతికి అందాలన్నదే మొదటి తగవు.

1911 నాటి జాతీయ బీమా చట్టము ప్రకారము, బీమా కట్టే పనివాని భార్యకు కానుపుకై 30 షిల్లింగులు నిర్ణయించారు. 1913 జనవరిలో చెల్లింపులు మొదలైనవి. భార్య పేరిట ఏర్పాటైన ఆ సొమ్ము భర్త చేతికి పోయేది! సహకారోద్యమములోని స్త్రీలు పట్టుబట్టగా, అది తల్లి సొత్తేనని అదే సంవత్సరము చట్టమును సవరించారు. అయినను ఆమెకు ఉచిత వైద్యము లేదు. మంత్రసాని రుసుము ఆమే కట్టుకోవాలి.

1948 జూలై 5న జాతీయ ఆరోగ్య సేవ వచ్చి ఆ రుసుములను తీసివేసింది. ఖర్చు మాయము కాలేదు, పన్ను కట్టే అందరి మీదికి మారినది. ఆ అర్ధరాత్రి దాటిన నిమిషానికి వేల్సులో ఒక ఆడబిడ్డ పుట్టింది. "కాసేపు ఓర్చుకో అమ్మా" అని నర్సులు తల్లిని ఆపారట. (నొప్పులకు గడియారము తెలియునా?)

మన దేశములో 2005లో జననీ సురక్ష యోజన వచ్చినది; ప్రభుత్వ ఆసుపత్రులలో కానుపుకు, సిజేరియనుకు సైతము, మందులు, భోజనము, ప్రయాణము ఉచితమని 2011లో ప్రకటించారు. మేలే. కాని కూతురికి తోడుగా వార్డులో కూర్చున్న తల్లి పోగొట్టుకొన్న కూలి దినములను ఆ లెక్కలో ఎవరూ వేయలేదు.